చేతికివ్వని ఉప్పు

చెంచమ్మ లాగిన ఉప్పులో మట్టి కనిపించిందంటే పాలెపుదిబ్బలో ఎవరూ నమ్మరు. ఇరవై రెండేళ్లుగా ఆమె ఉప్పుమడిలో దిగి పలక లాగుతోంది. పలకంటే పొడవాటి వెదురు కర్రకు అడ్డంగా బిగించిన చెక్క. ఎండకు నీళ్లు ఇగిరిపోయాక అడుగున పేరుకున్న ఉప్పును దాంతో గట్టు దాకా లాగాలి. గట్టిగా నొక్కితే కింద ఉన్న బంకమట్టి లేచి ఉప్పంతా నల్లబడుతుంది. తేలిగ్గా వదిలేస్తే సగం ఉప్పు మడిలోనే ఉండిపోతుంది. ఆ రెండింటికీ నడుమ ఎంత నొక్కాలో చెంచమ్మ ఎవరికీ మాటల్లో చెప్పలేదు. ఆమె చేతులకు తెలుసు, అంతే.

ఆ పొద్దున మట్టి లేచింది.

సద్దిగిన్నె తెచ్చి గట్టు మీద నిలబడ్డ కూతురు సుభాషిణి అది చూసింది. తెల్లగా కదిలి రావలసిన ఉప్పు వెంట నీళ్లలో బూడిదరంగు మబ్బొకటి పాకింది. చెంచమ్మ ఆగి, పలకను పైకెత్తి, అది తన పలకేనా అన్నట్టు చూసుకుంది. మళ్లీ వేసి లాగింది. మళ్లీ మట్టి.

పక్క మడిలో కోటమ్మ నడుం నిటారుగా చేసి నవ్వింది. "ఏందక్కా, ఇయ్యాల ఉప్పు తీస్తన్నావా, నాట్లకి దమ్ము చేస్తన్నావా?"

"కళ్లు మసకేసినయ్ లేవే. రేతిరి నిద్ర పట్టలా," అంది చెంచమ్మ.

అమ్మ రాత్రి ఎనిమిదింటికే గుర్రు పెట్టి నిద్రపోయిందని సుభాషిణికి తెలుసు. ఆమెను భయపెట్టింది ఆ అబద్ధం కాదు. ఎప్పుడూ పలక ముట్టని తన అరచేతులు, అమ్మ ఎక్కడ ఎక్కువ నొక్కిందో కచ్చితంగా పసిగట్టాయి. 'ఇక్కడ కాదు, ఇంకాస్త తేలిగ్గా' అని వేళ్లు వాటంతటవే వంగాయి. వాటితోపాటు చెవిలో ఎవరో చెప్పినట్టు ఒక మాట మోగింది: ట్రాక్ట్. లాగడం.

*

సుభాషిణికి ఆ పేరు పెట్టింది ఒకటో తరగతి పంతులమ్మ. చక్కగా మాట్లాడేది అని దానికి అర్థం. పదిహేడేళ్లు వచ్చినా ఆ పిల్ల నోరు విప్పితే వినాలని ఊరంతా ఎదురు చూస్తూనే ఉంది. బళ్లో హాజరు పిలిస్తే చెయ్యెత్తేది. కొట్టుకెళితే కావలసిన దాని వైపు వేలు చూపించేది. పదో తరగతి అయ్యాక పట్నంలో, ఆసుపత్రుల్లో రక్తపరీక్షలు చేసే కోర్సులో చేరింది. అక్కడి పుస్తకాల్లో మాటలు రైలుపెట్టెల్లా ఒకదానికొకటి తగిలించుకుని వచ్చేవి. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో తెలిసేది కాదు. నోటి పరీక్షలో ఆమె పది నిమిషాలు నేల చూస్తూ నిలబడింది. పరీక్ష చేసేవాళ్లు జాలిపడి, ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు.

సరిగ్గా అప్పుడే డాక్టర్ మందాకిని ఊరి చివర పాడుబడ్డ ఉప్పు బంగళాలో తన ప్రయోగశాల పెట్టింది. మెదడు మాటల్ని ఎలా దాచుకుంటుందన్నది ఆమె చదువు. చెవితో విన్న మాట జారిపోతుంది, చేతితో చేసిన పని జారదు. కాబట్టి మాటను తీసుకెళ్లి పనికి ముడివేస్తే? ఆ ముడి వేసే యంత్రాన్ని ఆమె తొమ్మిదేళ్లు కూర్చుని చేసింది. ఏళ్ల తరబడి ఒకే పని చేసిన చేతులు ఒకరివి, ఆ మాటలు నేర్చుకోవలసినవాళ్లు ఇంకొకరు కావాలి. అందుకే ఉప్పుమడుల పక్కకు వచ్చింది.

"లాటిన్ అంటే ఏ ఊరోళ్ల బాసమ్మా?" అని అడిగింది చెంచమ్మ, కూతురితో కలిసి ప్రయోగానికి వచ్చిన మొదటిరోజు.

"ఇప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు చెంచమ్మగారూ. కానీ వైద్యం పుస్తకాల్లో సగం మాటలు అందులోంచే పుట్టాయి."

"ఉన్న బాసే మాట్లాడదు మా పిల్ల. ఎవరూ మాట్లాడనిది బాగానే అతుకుద్ది, కానీండి."

ఇద్దరికీ అరచేతులు కప్పని, సన్నటి వలలాంటి తొడుగులు చేతులకు వేశారు. గది మధ్యలో చిన్న తొట్టి, అందులో ఉప్పునీళ్లు, కురచ పలక. టేబుల్ మీద స్టీలు పళ్లెం. చెంచమ్మ పలక లాగింది. చేతులు కదపకుండా కూర్చున్న సుభాషిణి భుజాల దాకా ఆ లాగుడు పాకింది. అదే క్షణంలో చెవిలో 'ట్రాక్ట్' అని వినిపించింది. చెంచమ్మ ఉప్పును తొట్టిలోంచి బయటికి లాగింది: ఎక్స్‌ట్రాక్ట్. పలకను తనవైపు వెనక్కి లాక్కుంది: రిట్రాక్ట్. చెదిరిన ఉప్పును రెండు చేతులతో ఒకచోటికి లాగింది: కంట్రాక్ట్. బయటికి, వెనక్కి, ఒకచోటికి. ముందు తగిలే చిన్న ముక్క దారి చూపుతుంది, వెనకున్న వేరు పని చెబుతుంది.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే ఉప్పుబస్తాల ట్రాక్టర్ ఒకటి దుమ్ము లేపుకుంటూ పక్కనుంచి పోయింది. సుభాషిణి దారి మధ్యలో ఆగిపోయి పకపకా నవ్వింది. లాగేది! పుట్టినప్పటినుంచీ ఎక్కి దిగుతున్న బండి పేరుకు అర్థం లాగేది అని. జామెట్రీ పెట్టెలోని ప్రొట్రాక్టరూ, లెక్కల్లో సబ్ట్రాక్షనూ దాని చుట్టాలే. ఇంటికొచ్చి నోట్‌బుక్కులో వాటన్నిటినీ ఒక చెట్టులా గీసుకుంది. వేరు కింద, కొమ్మలు పైన. రోజుకొక చెట్టు. మోయడం, పోయడం, పెట్టడం, తిప్పడం. పదిహేడు రోజులకు పదిహేడు చెట్లయ్యాయి. పుస్తకంలో రైలుపెట్టెలు విడివిడిగా కనబడడం మొదలైంది.

డాక్టరు ఒక జాగ్రత్త మాత్రం మొదటిరోజే చెప్పింది. "యంత్రం మీ అమ్మ చేతిలోని గుర్తును లాగి నీకిస్తుంది సుభాషిణీ. లాగిన చోట అది పల్చబడుతుంది. అందుకని రోజూ చివర్లో తిరిగి పంపించాలి. పిడికెడు తడి ఉప్పు తీసుకుని మీ అమ్మకివ్వు. ఉప్పుగుండా గుర్తు వెనక్కి వెళ్తుంది. తొమ్మిది సెకన్లు. గోడ మీద పచ్చదీపం వెలిగేదాకా వదలొద్దు."

సుభాషిణి తల ఊపింది. పదిహేడు రోజులూ పచ్చదీపం వెలిగింది. పక్కగదిలో మీటర్ల ముందు కూర్చున్న డాక్టరు దాన్ని చూసి తృప్తిగా రాసుకుంది.

*

మడిలో మట్టి లేచిన మర్నాడు పొద్దున చెంచమ్మ కూతురికి జడ వేయడానికి కూర్చుంది. జుట్టు మూడు పాయలు తీసింది. రెండు పాయలు రెండు చేతుల్లో పట్టుకుని మూడోదాన్ని ఏం చేయాలో తెలియక ఆగిపోయింది. ఎంతసేపటికీ చేతులు కదల్లేదు.

"అమ్మా."

"ఉండవే. నీ జుట్టే పీచులాగయ్యింది. ఒక్క చోట నిలవదు."

సుభాషిణి వెనక్కి తిరిగి ఆ చేతులు పట్టుకుంది. అవి చల్లగా, కొత్తవాళ్ల చేతుల్లా ఉన్నాయి. "ఎన్నాళ్లనుంచి?"

చెంచమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. "వారమైంది. మొన్న బిందె ఎత్తుకోబోతే చంకనెట్టా పెట్టాలో తోచలా. ఆ డాక్టరమ్మకి చెప్పమాక. ఇంక తొమ్మిది రోజులేగా నీ పరీచ్చకి."

"నీ చేతులు పోతున్నాయమ్మా!"

"చేతులు యాడికి పోతయ్యే? మణికట్టుకే ఉన్నయ్‌గా." నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. "నిన్న నిద్రలో నువ్వు మాట్లాడావు తెలుసా? ఏందేందో పెద్ద పెద్ద మాటలు. అంత గొంతుందని నాకే తెలవదు. నాకా, ఇంకెన్నేళ్లు లాగుతానే పలక? నీకు నోరొచ్చింది, అది చాలు."

సుభాషిణి జడ తనే వేసుకుని బంగళాకు బయలుదేరింది. చెప్పవలసిన మాటను దారంతా కూడబలుక్కుంది. గేటు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కొచ్చింది. చెబితే ప్రయోగం ఆగిపోతుంది, పరీక్ష పోతుంది. చెప్పకపోతే? మడిలో పలక పైకెత్తి చూసుకున్న అమ్మ ముఖం గుర్తొచ్చింది. మూడోసారి గేటు తీసింది.

"మేడమ్, మా అమ్మ చేతులు ఖాళీ అయిపోతున్నాయి."

ఇన్నాళ్లలో ఆ పిల్ల పూర్తిగా చెప్పిన మొదటి వాక్యం అది. మందాకిని చేతిలోని కలం కింద పెట్టింది.

గంటలో చెంచమ్మను పిలిపించి పరీక్షలు చేసింది. తెర మీద రెండు గీతలు వచ్చాయి. ఒకటి మొదటిరోజుది, ఒకటి ఇవాళ్టిది. రెండోది సగానికి పడిపోయి ఉంది. మందాకిని కుర్చీలో కూలబడింది.

"పచ్చదీపం వెలిగింది కదా. పదిహేడుసార్లూ వెలిగింది." ఆమె తెర మీది గీతను వేలితో తడిమింది. "గుర్తు తిరిగి బయలుదేరింది. కానీ మీకు చేరలేదు చెంచమ్మగారూ. ఎటు పోయిందో నాకు అర్థం కావడం లేదు."

"దొరుకుద్దిలేమ్మా. మీరేం బెంగపెట్టుకోమాకండి," అంది చెంచమ్మ, తనే ఆమెను ఓదారుస్తూ.

మందాకిని లేచి యంత్రం ప్లగ్గు పీకేసింది. "సుభాషిణి చేతుల్లో మీ గుర్తు ఇంకా ఉంది. దాన్ని వెనక్కి పంపొచ్చు. కానీ ఎక్కడ కారిపోతోందో తెలియకుండా పంపితే ఇద్దరికీ లేకుండా పోతుంది. తెలిసేదాకా ముట్టుకోను." తర్వాత సుభాషిణి వైపు చూసి నెమ్మదిగా చెప్పింది. "ఇంకోటి కూడా ఉంది. అది వెనక్కి వెళితే, దానికి ముడిపడ్డ మాటలు నీలోంచి జారిపోవచ్చు. ఎన్ని పోతాయో, ఎన్ని ఉంటాయో చెప్పలేను."

*

మర్నాడు మధ్యాహ్నం ఉప్పుగట్టు మీద తాటాకు పాకలో తల్లీకూతుళ్లూ కోటమ్మా అన్నాలకు కూర్చున్నారు. కోటమ్మ చేపల పులుసు తెచ్చింది. చెంచమ్మ ఒక ముద్ద తిని ముఖం చిట్లించింది.

"ఉప్పు లేదేందే కోటీ?"

"ఉప్పులో పుట్టి ఉప్పులో పెరిగినదానివి, నీకు ఎంతేసినా చాలదులే అక్కా," అంటూ కోటమ్మ కొంగున కట్టుకున్న చిన్న ఉప్పుమూట విప్పింది. చిటికెడు తీసి గిన్నె మూత మీద పెట్టి చెంచమ్మ ముందుకు జరిపింది. చెంచమ్మ మూత మీదినుంచి తీసుకుని కలుపుకుంది.

సుభాషిణి చేతిలో ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"పిన్నీ, అమ్మ చెయ్యి అక్కడే ఉందిగా. చేతికే ఎందుకివ్వలేదు?"

కోటమ్మ విడ్డూరంగా చూసింది, ఆ ప్రశ్నకో, ఆ పిల్ల ప్రశ్న అడిగినందుకో. "ఉప్పు చేతికెవరన్నా ఇస్తారంటే? ఇచ్చినోళ్లకీ పుచ్చుకున్నోళ్లకీ తగువొస్తది. మా అత్త ఒకసారి మర్చిపోయి మా తోటికోడలి చేతిలో పెట్టింది. మూడేళ్లు మాటల్లేవు. ఇంతమందిమి ఉప్పులో పనిచేసేవాళ్లం, చేతులకిచ్చుకుంటా పోతే ఊళ్లో ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటారా?"

సుభాషిణికి బంగళాలోని టేబుల్ కళ్ల ముందు నిలిచింది. పదిహేడు రోజులూ తను ఉప్పు తీసుకుంది. పదిహేడు రోజులూ అమ్మ "అక్కడ పెట్టమ్మా" అంది. తను స్టీలు పళ్లెంలో పెట్టి, దీపం వెలిగేదాకా వేళ్లు తీయకుండా ఉంచింది. ఆ తర్వాతే అమ్మ పళ్లెంలోంచి తీసుకుంది. అందులో వింత ఉందని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఉప్పివ్వడమంటే అదే మరి.

ఎంగిలిచేత్తోనే లేచి పరుగెత్తింది.

మందాకిని ఆమె చెప్పింది విని, మీటర్ల ముందునుంచి లేచి తొట్టి ఉన్న గదిలోకి వచ్చింది. తడి ఉప్పు పళ్లెంలో వేసి, యంత్రం తీగ తగిలించింది. గోడ మీద పచ్చదీపం తళుక్కుమంది. పళ్లెం అవతల ఏ మనిషీ లేడు. గుర్తు స్టీలులోకి దిగి, బల్లకాళ్ల వెంట నేలలోకి ఇంకిపోతోంది.

"తొమ్మిదేళ్లు పట్టింది నాకు ఈ యంత్రం చేయడానికి," అందామె. "ఉప్పును మీరెలా ఇచ్చుకుంటున్నారో చూడడానికి పది అడుగులు నడిచి ఈ గదిలోకి రాలేదు. తప్పు నాది సుభాషిణీ, మీది కాదు."

"నేను చూశాను మేడమ్. రోజూ చూశాను. చెప్పాల్సిన సంగతని నాకే తెలియలేదు," అంది సుభాషిణి.

*

మర్నాడు బంగళాలో చెంచమ్మ ససేమిరా అంది.

"పళ్లెం వొద్దంటే ఆకులో పెట్టు, పీట మీద పెట్టు. చేతికి మాత్రం పుచ్చుకోను. ఉన్నది ఒక్క కూతురు, దాంతో తగువు తెచ్చుకోమంటావా?"

"అరచేయికి అరచేయి తగలాలమ్మా. మధ్యలో ఇంకేమీ ఉండకూడదంట. తగువొస్తే రానీ. పోట్లాడుకుందాం."

"నువ్వా! బస్సులో నీ కాలు తొక్కినోడిని కూడా ఏమీ అనవు, నువ్వు నాతో పోట్లాడతావా?"

"నేర్చుకుంటాను."

చెంచమ్మ నవ్వింది. కానీ చెయ్యి చాపలేదు. తొడుగుల చేతులు రెండూ ఒళ్లో ముడుచుకుని కూర్చుంది. అసలు మాట అప్పుడు బయటికొచ్చింది. "నీ మాటలు పోతయ్యంటగా. ఏడు రోజుల్లో పరీచ్చ పెట్టుకుని... నాకొద్దే. మళ్లా నువ్వు నేల చూస్తా నిలబడితే నేను చూడలేను."

సుభాషిణి సంచిలోంచి నోట్‌బుక్కు తీసి ఆమె ఒళ్లో పెట్టింది. చెంచమ్మకు చదవడం రాదు. పేజీలు తిప్పుతుంటే చెట్లు కనిపించాయి. పదిహేడు చెట్లు, ప్రతి చెట్టు పక్కనా చిన్న బొమ్మ. పలక లాగే మనిషి, గంప మోసే మనిషి, నీళ్లు తోడే మనిషి. అన్నిటికీ నడినెత్తిన కొప్పుంది, అచ్చం తనకున్నట్టే.

"పోయిన మాటల్ని ఇందులో చూసుకుని మళ్లీ నేర్చుకుంటాను. నీ చేతులు ఏ పుస్తకంలోనూ రాసి లేవు కదమ్మా."

చెంచమ్మ నోట్‌బుక్కు మూసి పక్కన పెట్టింది. కళ్లు గట్టిగా మూసుకుని, వేడి గిన్నె అందుకునేదానిలా అరచెయ్యి చాపింది.

సుభాషిణి తడి ఉప్పుతో నిండిన తన అరచేతిని దాని మీద ఆనించింది. ఈసారి తొమ్మిది సెకన్లు కాదు, పదిహేడు తొమ్మిదులు. గట్టు తెగ్గొట్టిన మడిలోంచి నీళ్లు పోయినట్టు, భుజాల్లోంచి మోచేతుల్లోకి, అక్కడినుంచి వేళ్లలోకి ఏదో మెల్లగా జారిపోయింది. దాంతోపాటు మాటలూ వెళ్తున్నాయి. మోయడం వెళ్లింది. పోయడం వెళ్లింది. లాగడం కాస్త గుంజుకుని అదీ వెళ్లింది. ఆమెకు ఏడుపొచ్చింది కానీ చెయ్యి తీయలేదు. ఎదురుగా అమ్మ వేళ్లు ఒక్కొక్కటీ కదిలి, తన చేతిని తెలిసినదాన్ని పట్టుకున్నట్టు పట్టుకున్నాయి.

డాక్టర్ మందాకిని ఈసారి దీపం వైపు చూడలేదు. వాళ్లిద్దరి పక్కనే నిలబడి చేతుల్నే చూసింది.

*

మర్నాడు పొద్దున ఉప్పుగట్టు మీద మందాకిని కూడా ఉంది, చెప్పులు చేత్తో పట్టుకుని, పాదాల నిండా బురదతో.

చెంచమ్మ మడిలో దిగింది. మొదటి లాగుడులో పలక వణికింది. నీళ్లలో సన్నటి బూడిదచార కదిలింది. కోటమ్మ పక్క మడిలో ఊపిరి బిగబట్టి నిలబడింది. రెండో లాగుడు. చార సన్నబడింది. మూడోసారి పలక వెంట ఉప్పు కదిలి వచ్చింది, తెల్లగా, గలగలమంటూ, మట్టి రేణువు లేకుండా.

"అమ్మయ్య! ఇంక నీ మీద జోకులెయ్యటానికి లేదక్కా," అని కేకేసింది కోటమ్మ.

మందాకిని కళ్లు తుడుచుకుని సుభాషిణి వైపు తిరిగింది. అడగాలా వద్దా అని తటపటాయించి అడిగింది. "రిట్రాక్టర్. అంటే ఏమిటి?"

సుభాషిణి తన అరచేతుల్లో వెతుక్కుంది. అక్కడేమీ లేదు. చెవిలో ఏ గొంతూ లేదు. పాత అలవాటుగా చూపు నేల మీదికి దిగింది. అప్పుడే గట్టు బాట మీద బస్తాల బండి ఒకటి డుగడుగలాడుతూ వచ్చింది. ఆమె తలెత్తింది.

"ట్రాక్టర్... లాగేది," అంది మెల్లగా. మడిలో అమ్మ పలకను ముందుకు వేసి తనవైపు లాక్కుంటోంది. "రి అంటే వెనక్కి. వెనక్కి లాగి పట్టుకునేది. ఆపరేషన్ చేసేటప్పుడు, కోసిన చోట చర్మాన్ని పక్కకు లాగి పట్టుకునే పనిముట్టు అయ్యుంటుంది. అవునా మేడమ్?"

"అవును. కాస్త ఆలస్యంగా వచ్చింది."

"నడిచొచ్చింది మేడమ్. ఇదివరకు మోసుకొచ్చేవాళ్లు కదా."

మందాకిని ఆ మాట తన పుస్తకంలో రాసుకుంది. పరీక్షకు ఇంకా ఆరు రోజులున్నాయి. పదిహేడు చెట్లున్నాయి. రోజుకు మూడు చొప్పున నడిపించుకోవచ్చని సుభాషిణి మనసులో లెక్క వేసుకుంది.

"గట్టెక్కి నిలబడి లాగుడు గురించి కబుర్లు చెబుతావేందే? దిగు!" అని అరిచింది చెంచమ్మ. "నా లాగుడు ఇన్నాళ్లు ఊరికే వాడుకున్నావుగా, ఇప్పుడు నీది నువ్వు నేర్చుకో."

సుభాషిణి పావడా పైకి చెక్కుకుని మడిలోకి దిగింది. చెంచమ్మ వెనక నిలబడి, కూతురి చేతుల మీద చేతులు వేసి కర్ర పట్టించింది. లాగారు. బురద ఉప్పెనలా లేచింది.

"నొక్కమాకంటే వినవే!"

"నేను నొక్కట్లేదమ్మా, నువ్వే నొక్కుతున్నావు!"

"నాకు నేర్పుతున్నావా? ఇరవై రెండేళ్లనుంచి లాగుతున్నా నేను!"

"ఇరవై రెండేళ్లు లాగినా నేర్పడం రాలేదు నీకు! కర్ర వదులు, నేనే లాగుతా!"

"వదలను పో!"

కోటమ్మ పలక పారేసి, రెండు చేతులూ నడుముకు పెట్టుకుని నవ్వుతోంది. "చెప్పానా లేదా? ఉప్పు చేతికిచ్చుకున్నారు, ఇంక అనుభవించండి!"

అరుపులకు మూడు మడుల అవతల పనివాళ్లు కూడా పలకలు ఆపారు. వాళ్లలో ఒకావిడ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఇటు చూసింది. "కోటమ్మోయ్, చెంచమ్మతో అట్టా తగువాడతంది ఎవరే? ఎప్పుడూ వినని గొంతుగా ఉందే!"

"సుభాషిణే!" అని కోటమ్మ గట్టులన్నీ దాటేలా కేకేసింది. "మన సుభాషిణి!"